‘వెళ్ళం’ అంటే మంచినీళ్ళు

అగో, మీరేనా! ఇటు రాండ్రి, జర గోడ దగ్గరికి. చాయ్ అయ్యిందా? కాకుంటే మా ఇంట్ల పెడత గని, ముందు ఈ ముచ్చట వినండ్రి. మా మీది గదిల కేరళ టీచరమ్మల ముచ్చట. రోజు చూస్తనే ఉంటరు గదా మీరు గూడ. పొద్దుగాల ఎనిమిదింటికి గొడుగు పట్టుకొని మెట్లు దిగుతరు. మబ్బు లేదు, వాన లేదు. గొడుగు మాత్రం ఉండాలె!

నా సంగతి మీకు ఎరుకే. అత్తగారిల్లు నల్లగొండ, పుట్టిల్లు జడ్చర్ల. రెండు జిల్లాల నీళ్ళు తాగిన దాన్ని. రెండు చోట్ల నాకు ఒక్కటే తీరు చుట్టాలు దొరికిన్రు. కేరళ టీచర్లు. చిన్నప్పుడు నాకు ఏబీసీడీలు దిద్దించింది ఒక కేరళ సిస్టరు. ఇప్పుడు నా బిడ్డకు గ్రామరు చెప్పేది మా మీది గది టీచరమ్మ. నడుమ ముప్పై ఏండ్లు గడిచినయి. నాలుగు గీతల కాపీ మారలేదు, నెత్తికి కొబ్బరినూనె వాసన మారలేదు.

మీ ఊర్ల లేరంటారా? ఎందుకుండరు! మిర్యాలగూడల లేరా? దేవరకొండల లేరా? వనపర్తిల, గద్వాలల, నారాయణపేటల లేరా? ఒక కాన్వెంటు ఉంటది. ముంగట ఇనుప గేటు ఉంటది. లోపట వరండాల చీర కుచ్చిళ్ళు చెదరకుండ ఓ టీచరమ్మ నిలబడి ఉంటది. మన తాన ఇంగ్లిష్ మీడియం బడి పెట్టినోళ్ళు బోర్డు మీద ‘కేరళ టీచర్లచే బోధన’ అని పెద్దక్షరాలల్ల రాయించేటోళ్ళు. పిల్లను చేర్పియ్య వచ్చిన తండ్రి గూడ ఫీజు కంటే ముందు అదే అడిగేటోడు. “కేరళోళ్ళు ఉన్నరా సార్?” ఉన్నరంటే చాలు, దస్తకత్ పెట్టేటోడు.

సరే, అసలు ముచ్చటకొస్త. వీళ్ళిద్దరు మా ఇంటికి వచ్చిన రోజు చెప్పాలె మీకు.

జూన్ నెల. ఎండ ఇంకా దిగలేదు. ఆటోల రెండు సూట్‌కేసులు, ఒక బొంత సంచి, పొడుగ్గ గొట్టం లెక్క ఉన్న స్టీలు గిన్నె ఒకటి. దాంట్ల పుట్టు వండుతరని తర్వాత తెలిసింది. బియ్యప్పిండి, కొబ్బరితురుము పొరలు పొరలుగ పోసి ఆవిరికి ఉడికిస్తరు. రైలు దిగి వచ్చిన్రు గదా, మొఖాలు వాడిపోయినయి. చిన్న టీచరమ్మ గడపల నిలబడి మా అత్తమ్మను చూసి, “వెళ్ళం, వెళ్ళం” అన్నది.

మా అత్తమ్మకు ఖాయంగ కోపమొచ్చింది. “ఓ పిల్లా, ఇంక లోపటికే రాలేదు, వెళ్ళం అంటవేంది? వెళ్ళమన్నది ఎవరు?”

ఆ పిల్ల మల్ల “వెళ్ళం” అని, చెయ్యి నోటి దగ్గర పెట్టి చూపెట్టింది. అప్పుడు తెలిసింది మా అత్తమ్మకు. చెంబు నిండ నీళ్ళు తెచ్చిచ్చింది. ఆ పొద్దు నుంచి ఇప్పటి దాక మా ఇంట్ల మంచినీళ్ళ పేరు వెళ్ళమే. మా అత్తమ్మకు డెబ్బై దాటినయి. “కోడలా, ఇంత వెళ్ళం పట్టుకరా” అంటది. వినండ్రి మీరు గూడ, గోడ మీదికెల్లి వినపడుతది.

ఇద్దరిల పెద్దామెది కొట్టాయం దిక్కు. చిన్నామెది పత్తనంతిట్ట. చిన్నామె పెద్దామెను ‘చేచి’ అని పిలుస్తది. చేచి అంటే అక్క. ఇంకేముంది, గల్లీ గల్లీ అంత ఆమెను చేచి అనుడే. పాలాయన చేచి, కూరగాయలామె చేచి, ఆఖరికి పోస్ట్‌మ్యాన్ గూడ చేచి. ఆమె కంటే పదేండ్లు పెద్దోళ్ళకు గూడ ఆమె అక్కనే. చుట్టరికం కలుపుడుల మనల్ని మించినోళ్ళు ఉన్నరా చెప్పండ్రి!

వీళ్ళు వచ్చే రైలు మీకు తెలుసు. శబరి ఎక్స్‌ప్రెస్. తిరువనంతపురంల ఎక్కితే కొట్టాయం, త్రిస్సూరు, పాలక్కాడు, సేలం, గుంటూరు మీదుగ మిర్యాలగూడకు, నల్లగొండకు తెచ్చి దించుతది. బండి మారేది లేదు. ఆ బండి ముచ్చట నాకెంత ఇష్టమో! కార్తీకం వచ్చిందంటే మన అయ్యప్ప స్వాములు నల్లబట్టలు కట్టి, ఇరుముడి నెత్తిన పెట్టుకొని అదే బండి ఎక్కి అటు పోతరు. క్రిస్మస్ సెలవులకు టీచరమ్మలు గూడ అదే బండిల ఇంటికి పోతరు. చేచి చెప్తది, ఒకసారి డబ్బ నిండ స్వాములే ఉన్నరట. అందులో నలుగురు ఆమె దగ్గర చదువుకున్న పిల్లల తండ్రులట. “టీచరమ్మా, కూసోండ్రి” అని కిటికీ పక్కన సీటు ఇచ్చిన్రట. పంప దాక ఎట్ల పోవాలె, ఎక్కడ దిగాలె, బస్సు ఎక్కడ దొరుకుతది అని చేచి వాళ్ళకు తొవ్వ పొడుగున పాఠం చెప్పిందట. బడిల పిల్లలకు చెప్పినట్టే. మధ్యల ప్రశ్నలు గూడ అడిగిందట!

ఇగ భాష. అబ్బబ్బ, దీంట్ల ఉన్న మజా ఎక్కడుంది?

చిన్న టీచరమ్మ రోజు రాత్రి తొమ్మిదింటికి డాబా మీద నిలబడి ఫోన్ మాట్లాడుతది. “అచ్ఛా... అచ్ఛా...” మా ఆయన విని, “ఈ పిల్లకు హిందీ మంచిగ వస్తదే” అన్నడు. మన నోట్ల అచ్ఛా అనే మాట రోజుకు ఎన్నిసార్లు పడుతదో మీకు తెలుసు గదా, నిజాం కాలం నాటి అలవాటు. తీరా అడిగితే, వాళ్ళ తాన ‘అచ్ఛా’ అంటే నాయినా అని పిలుచుడట! అటు దిక్కు నాయినను పిలుస్తున్నది, ఇటు దిక్కు మేము “సరే, సరే” అని వింటున్నం.

ఇంకోనాడు చిన్నామె కిరాణం దుకాణానికి పోయి ‘పుళి’ ఉందా అని అడిగిందట. సేటు నవ్వి, “పులి కావాల్నంటే అమ్రాబాద్ అడవికి పోవాలె బిడ్డా, నా కొట్ల దొరకదు” అన్నడట. పుళి అంటే చింతపండు. మన పులుపుకు, వాళ్ళ పుళికి వేరు ఒక్కటే. పుల్లటిది అని అర్థం. ఈ సంగతి సేటుకు చెప్పిన. ఇప్పుడు చింతపండు పొట్లం కట్టి, “ఇగో నీ పులి” అని ఇస్తడు.

ఆదివారం ముచ్చట ఇంకా పెద్దది. “అక్కా, ఇయ్యాల మేము కప్ప, మీన్ కర్రీ చేసుకుంటున్నం” అన్నది చేచి. మా బిడ్డ ప్లేటు కింద పెట్టి లేచింది. కప్పనా? కప్ప తింటరా మిస్? చేచి తెల్లటి ముక్కలు గిన్నెల తెచ్చి చూపెట్టింది. కర్రపెండలం! దాన్నే వాళ్ళు కప్ప అంటరు. ఉడకబెట్టి, పసుపు, పచ్చిమిర్చి, కొబ్బరి కలిపి ఎర్రటి చేపల పులుసుతోని పెట్టింది. తింటే ఆపబుద్ధి కాలేదు. మా బిడ్డ బడికి పోయి, “నిన్న మేము కప్పను తిన్నం” అని తరగతి అంత చాటింపేసింది. ఓ రోజంత ఆమెనే హీరోయిను.

తరగతిల ఎట్ల ఉంటరంటారా? పిల్లల్ని ‘మోళే’, ‘మోనే’ అంటరు. బిడ్డా, కొడుకా అని. కోపమొస్తే ఇంగ్లిష్, ప్రేమొస్తే మలయాళం, బతిమాలాల్నంటే తెలుగు. రోజు పది మాటల డిక్టేషన్. తప్పిన మాట పదిసార్లు రాయాలె. చేతిరాత ముత్యాలు పేర్చినట్టు ఉండాలె. నాలుగు గీతల కాపీల పై గీత దాటొద్దు, కింది గీత తాకాలె. మా జడ్చర్ల సిస్టరు గూడ ఇదే చెప్పేది. నా సంతకం ఇప్పటికీ గీత మీద కూసున్నట్టే ఉంటది, బ్యాంకోళ్ళు మెచ్చుకుంటరు.

పలుకుడు సంగతి చూడండ్రి. మన పోరగాళ్ళు స్కూలును ‘ఇస్కూలు’ అంటరు. చేచి ఆటోను ‘ఓట్టో’ అంటది, కాలేజీని ‘కోళేజ్’ అంటది, జీరోను ‘సీరో’ అంటది. పిల్లలకు ఆమె నోటి నుంచి వచ్చిందే ఇంగ్లిష్. పోయిన యేడు ఓ పిల్లగాడు ఇంటికి పోయి, “నాయినా, ఓట్టో పిలువు” అన్నడట. వాళ్ళ నాయినది ఆటోనే. ఇప్పుడు ఆయన బండి ఎన్కాల ‘ఓట్టో’ అని రాయించుకున్నడు. నిజం! క్లాక్‌టవర్ సెంటర్ల చూడండ్రి, కనిపిస్తది.

ఇంకో అక్షరం ఉంది వాళ్ళకు. వాన అని చెప్పాల్నంటే ‘మఴ’ అంటరు. ఆ నడిమి అక్షరం మన నాలుకకు చిక్కదు. మా బిడ్డ ‘మళ’ అంటది, మా ఆయన ‘మజ’ అంటడు, అత్తమ్మ ‘మర’ అంటది. చేచి నవ్వుతది. మనకు మాత్రం ఈ అక్షరం లేకుండె అనుకుంటున్నరా? ఉండె. మన పాత తెలుగు శాసనాలల్ల ఉండె, తర్వాత పోయింది. పోయిన చోట చాలాసార్లు ‘డ’ వచ్చి కూసున్నది. వాళ్ళ ‘కోఴి’ మన కోడి. వాళ్ళ ‘ఏఴు’ మన ఏడు. అంటే మనం పోగొట్టుకున్న అక్షరాన్ని వాళ్ళు భద్రంగ దాచిపెట్టిన్రు. పక్కింట్ల మన పాత చెంబు కనపడ్డట్టు లేదూ?

ఆగండ్రి, పోకండ్రి. ఇప్పుడు మిమ్మల్ని జపాన్ తీస్కపోత. టికెట్ లేదు, వీసా లేదు. అక్కడ గూడ బయటి నుంచి వచ్చిన టీచర్ల ముచ్చటే.

మా చిన్నమ్మ బిడ్డ టోక్యోల ఉంటది. నిషికసాయి అని, మనోళ్ళు ఎక్కువ ఉండే చోటు. దాని కొడుకు అక్కడి సర్కారు బడిల మూడో తరగతి. వాళ్ళ బడికి ఇంగ్లిష్ మాట్లాడిపిచ్చే టీచరు బయటి దేశం నుంచి వచ్చిండు. జపానోళ్ళు 1987ల ఒక పథకం పెట్టిన్రు, జెట్ అని. మొదటి యేడు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఈ నాలుగు దేశాల నుంచి 848 మందిని పిలిపించిన్రు. ఇప్పుడు వేలల్ల వస్తరు, మన దేశం నుంచి గూడ పోతరు. పల్లెటూర్లకు, దీవులకు, మంచు కురిసే కొండలకు పంపుతరు. అక్కడి టీచరు పక్కన నిలబడి పిల్లలతోని మాట్లాడుడు, ఆడుడు, పాడుడు వీళ్ళ పని.

మా పిల్లగాడు వీడియో కాల్ల చెప్తుంటే చేచి గూడ వచ్చి కూసున్నది. బడిల అడుగు పెట్టంగనే టీచరు గూడ బయటి చెప్పులు విప్పి, లోపటి చెప్పులు వేసుకోవాల్నట. మధ్యాహ్నం పిల్లలే తెల్ల టోపీలు, తెల్ల అంగీలు వేసుకొని అందరికి వడ్డిస్తరట. బయటి దేశం టీచరు గూడ పిల్లల బల్ల మీదనే, వాళ్ళ నడుమ కూసొని తింటడట. తిన్నంక తరగతి ఊడ్చేది, బట్టతోని తుడిచేది గూడ పిల్లలే. సాయంత్రం బజార్ల ఆ టీచరు కనపడితే చాలు, నాలుగు దిక్కులకెల్లి “హరో! హరో!” అని కేకలట.

చేచి ఎగిరి గంతేసింది. “అక్కా, నాకు గూడ అంతే!” అన్నది. మరి అంతే గదా! ఆమె రైతుబజార్ల టమాటలు ఏరుతుంటే పొద్దుమూకి ఆరింటికి, “గుడ్ మార్నింగ్ మిస్!” అని ఓ గొంతు. కొత్తిమీర కట్టల ఎన్కాల నుంచి ఇంకో గొంతు. ఆమె ఎన్ని టమాటలు కొన్నదో తెల్లారి తరగతికంత తెలుసు. సినిమాకు పోతే తెలుసు, దవాఖానకు పోతే తెలుసు. కొత్త చెప్పులు కొంటే ధరతోని సహా తెలుసు.

ఇంకో అద్భుతం చెప్తనా? జపానోళ్ళు గూడ మన లెక్కనే మాట చివర అచ్చు పెట్టందే ఊకోరు. మనం బస్సు అంటం, వాళ్ళు ‘బసు’ అంటరు. మనం గ్లాసు అంటే వాళ్ళు ‘గురసు’. మన హోటలు వాళ్ళకు ‘హొతెరు’. మన మిల్కు వాళ్ళకు ‘మిరుకు’. మలయాళంల మాత్రం ఆ చివరి ‘ఉ’ను సగమే పలికి ఆపేస్తరు. “చూసినవా చేచీ, మా తెలుగోళ్ళకు జపానోళ్ళే దగ్గర” అన్న. ఆమె ఊకుంటదా? “అక్కా, కప్ప నా భాషల కర్రపెండలం, మీ భాషల నీళ్ళల్ల ఎగిరేది. మరి వాళ్ళ భాషల?” అని పిల్లగాన్ని అడిగింది. వాడు చెప్పిండు గదా! జపాన్ కథలల్ల ‘కప్ప’ అంటే చెరువుల, వాగుల ఉండే పచ్చటి చిన్న దయ్యమట. నెత్తి మీద గిన్నె లెక్క గుంత, దాంట్ల నీళ్ళు. దోసకాయలంటే పడి చస్తదట. మా అత్తమ్మ అంత విని, “కప్పల్ల కప్పనే, ఏ దేశంల ఉన్నా నీళ్ళల్లనే ఉంటది” అని తేల్చేసింది. ఇగో, గిలాసను వాళ్ళు ‘కొప్పు’ అని గూడ అంటరట. మా అత్తమ్మ కొప్పు సవరించుకొని, “నాకు జపాన్ భాష గూడ వస్తది పో” అన్నది.

సరే, మన ఊరికి తిరిగి రాండ్రి.

నీళ్ళ ముచ్చట చెప్పకుంటే నల్లగొండ ముచ్చట పూర్తిగాదు. కేరళల ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల దాక వాన పడుతది. మన దగ్గర దాంట్ల నాలుగో వంతు పడితే మంచి కాలమంటం. పైంగ ఫ్లోరైడ్. పటిక, సున్నం వేసి నీళ్ళల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశం పొడుగున ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు పెట్టిన్రు. మన గోస అంత పెద్దది. చేచి వాళ్ళమ్మ ఫోన్ల మొదలు అడిగేది గూడ నీళ్ళ సంగతే. నీళ్ళు కాచి తాగుతున్నవా? అని. చేచి పెద్ద గిన్నెల నీళ్ళు పెట్టి, వాటిల్ల పతిముఖం అనే చెక్క పేళ్ళు వేసి మరగబెడతది. చెక్క పడంగనే నీళ్ళల్ల గులాబి రంగు సన్నగ పొగ లెక్క దిగుతది. రెండు నిమిషాలల్ల గిన్నె గిన్నె అంత గులాబి. వాసన లేదు, రుచి లేదు, రంగొక్కటే. వాళ్ళ తాన ఇంటింట్ల ఇవే తాగుతరట, ఒంటికి మంచిదని నమ్మకం. ఆ సీసా పట్టుకొని తరగతికి పోతే పిల్లలు షర్బత్ అనుకున్నరు. అందరికి తలా ఇంత పోసింది. ఇప్పుడు ఆరో తరగతిల సగం సీసాలు గులాబి రంగే.

తొలకరి పడ్డనాడు చూడాలె ఆమెను. డాబా మీదికి ఉరికి, చేతులు చాపి నిలబడ్డది. ఆనాడు గొడుగు మాత్రం మూలకు పడుంది! “మఴ! మఴ!” అని అరుస్తుంది. కింద మా అత్తమ్మ “వడియాలు తడుస్తున్నయి, తియ్యరాదే!” అని అరుస్తుంది. ఇద్దరి సంతోషం ఒక్కటే, మాటలే వేరు. ఆమెకు ఇంటి దగ్గర జూన్ ఒకటిన బడి తెరిచే పొద్దు వానట. కొత్త సంచి, కొత్త గొడుగు, తడిసిన పుస్తకం వాసన. నల్లగొండ వాన ఆమెకు ఊరు గుర్తు చేస్తది. అందుకే ఆ గంటసేపు ఎవరం పిలవం ఆమెను.

పరాయి టీచర్లు మన గడ్డకు కొత్తేం గాదు తెలుసా? 1890ల అబ్రహాం ఫ్రీసెన్ అని ఒకాయన, ఆయన భార్య నల్లగొండకు వచ్చి మిషన్ పెట్టిన్రు. రష్యా రాజ్యం నుంచి వచ్చిన్రు, ఇంట్ల మాట్లాడేది జర్మన్. ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చిన్రు. ఆ తొవ్వనే పాలమూరుల, దేవరకొండల, వనపర్తిల మిషన్ బంగళాలు, బడులు, దవాఖానలు లేచినయి. అంత దూరపోళ్ళే మనోళ్ళయిన్రు. కొట్టాయం ఎంత?

అట్లనే మనోళ్ళు అటు పోలేదా? బూర్గుల రామకృష్ణారావు గారు మన కల్వకుర్తి దిక్కు బిడ్డ. హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి చేసిండు. 1956ల కేరళ రాష్ట్రం పుట్టిన నెలలనే అక్కడికి గవర్నరుగ పోయిండు. 1957ల ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ మొదటి సర్కారు ప్రమాణం చేసింది మన పాలమూరాయన ముందటనే! చేచికి ఈ ముచ్చట చెప్తే నోరు తెరిచింది. తెల్లారి తరగతిల జనరల్ నాలెడ్జి ప్రశ్న అయ్యింది అది. పది మార్కులు!

ఇగ నా మనసుకు నచ్చిన ముచ్చట. నిమ్మళంగ వినండ్రి.

పోయిన యేడు ఓనం పండుగ. వాళ్ళు పది రోజులు ఇంటి ముందట పువ్వులతోని ముగ్గు వేస్తరు, పూక్కళం అంటరు. దాంట్ల తుంబ పువ్వు పడాలెనట. తెల్లగ, చిన్నగ, గోరంత ఉంటదట. చేచి దిగులుగ, “ఇక్కడ తుంబ ఎక్కడ దొరుకుతది అక్కా” అన్నది. ఫోన్ల బొమ్మ చూపెట్టింది. నేను చూసిన. మా అత్తమ్మ కళ్ళద్దాలు పెట్టుకొని చూసింది. “ఓసి పిచ్చిదానా, ఇది మన తుమ్మి గదా!” అన్నది.

తుమ్మి తెలువదా మీకు? వినాయక చవితినాడు తుమ్మి కూర తినమా మనం? అదే చెట్టు. వాళ్ళు పువ్వు పెడతరు, మనం ఆకు వండుతం. రెండు పండుగలు గూడ అటూ ఇటూగ ఒకే రోజులల్ల వస్తయి. తెల్లారి పొద్దుగాల మా అత్తమ్మ ఆ ఇద్దర్ని పానగల్ చెరువు దిక్కు తీస్కపోయింది. చేన్ల గట్టు మీద, మోకాలంత ఎత్తు మొక్కలు. కొస కొసకు ఆకుపచ్చ బంతి లెక్క గుత్తి, ఆ గుత్తి చుట్టు తెల్లటి పువ్వులు, ఒక్కొక్కటి సన్న బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దగ. చేచి ఒక్కొక్కటే గిల్లి దోసిట్ల వేసుకున్నది. అత్తమ్మ ఆకులు తెంపి కొంగుల కట్టుకున్నది. ఒక్కటే మొక్క. ఒకామె పువ్వు, ఒకామె ఆకు. నేను గట్టు మీద కూసొని చూసిన. ఆ పొద్దు నాకు పది పండుగలతోని సమానం.

ఇంటికి వచ్చి వాకిట్ల పూక్కళం వేసిన్రు. నడుమ తుంబ, చుట్టు బంతి, దాని చుట్టు మందారం రెక్కలు. గల్లీ పిల్లలంత చుట్టు ముట్టిన్రు. మీరు గూడ వచ్చిన్రు గదా, ఫోటో దిగిన్రు! ఆ ఎన్కనే బతుకమ్మ. ఈసారి చేచి తంగేడు పువ్వు పేర్చింది. తాంబాళంల గునుగు, దాని మీద తంగేడు, వరుస తప్పకుండ. “అక్కా, మేము పువ్వుల్ని నేల మీద పరుస్తం, మీరు నిలబెడుతరు” అన్నది. ఎంత మంచి మాట! తొమ్మిది రోజులు చప్పట్లు కొట్టి ఆడింది. పాట రాకున్నా ‘ఉయ్యాలో’ దగ్గర మాత్రం అందరి కంటే గొంతు ఆమెదే పెద్దగ.

సెలవులకు పోయేటప్పుడు వాళ్ళమ్మకు ఓసారి గద్వాల చీర కొన్నది, ఓసారి పోచంపల్లి. వచ్చేటప్పుడు మా అత్తమ్మకు బంగారు అంచు తెల్లచీర తెచ్చింది, అరటికాయ చిప్సు సంచెడు తెచ్చింది. మీకు గూడ గోడ మీదికెల్లి ఇచ్చిన, మర్చిపోయిన్రా? డబ్బ ఇంకా తిరిగి రాలేదు. ఊరికే యాది చేస్తున్న!

ఒక్క మాట మనసుల ఉన్నది చెప్త. 2011 జనాభా లెక్కలల్ల కేరళల నూటికి 94 మందికి చదువొస్తే, మన పాత పాలమూరు జిల్లాల 55 మందికే వచ్చింది. పాలమూరు అంటే దేశమంత వలస కూలీల పేరే చెప్పుకున్నరు ఎన్నో ఏండ్లు. మనోళ్ళు ప్రాజెక్టులు కట్ట, మట్టి మోయ ఊర్లు దాటి పోయిన్రు. వాళ్ళ పిల్లలకు అక్షరం చెప్ప వీళ్ళు ఊరు దాటి వచ్చిన్రు. మనోళ్ళదీ వలసనే, వీళ్ళదీ వలసనే. ప్రైవేటు బడిల జీతం ఎంతుంటదో మీకు చెప్పేదేముంది? దాంట్ల కిరాయి కట్టాలె, ఇంటికి పంపాలె. పండుగనాడు అమ్మ చేతి వంట ఉండదు. జ్వరమొస్తే నెత్తి మీద చెయ్యి వేసే మనిషి ఉండదు. అట్లుండి గూడ తెల్లారంగనే గొడుగు పట్టుకొని నవ్వుకుంట బడికి పోతరు.

ఇప్పుడు సర్కారు బడులల్ల గూడ ఇంగ్లిష్ మీడియం వచ్చింది, 2022 నుంచి. మన ఊరి పిల్లలే చదివి టీచర్లయి చెప్తున్నరు. వాళ్ళల్ల ఎంతమంది ఏ చేచి దగ్గర నాలుగు గీతల కాపీ దిద్దినోళ్ళో! మా జడ్చర్ల సిస్టరు దగ్గర నేను నేర్చుకున్న ఇంగ్లిష్ ఎంతనో లెక్క చెప్పలేను గని, ఒక్కటి మాత్రం నేర్చుకున్న. ఏ ఊరోళ్ళయినా, ఏ భాషోళ్ళయినా, ఎదురుపడితే నవ్వి పలకరించొచ్చు అని. నా బిడ్డ గూడ అదే నేర్చుకుంటున్నది. గ్రామరు కంటే ముందు వచ్చింది దానికి అది.

చాయ్ చల్లారుతుంది, మీకు గూడ పనులుంటయి. పోయే ముందు ఒక్కటి అడుగుత, కాదనొద్దు. జూన్‌ల బడులు తెరుస్తరు. రెండు రోజుల ముందు నుంచే కొత్త టీచర్లు దిగుతరు, మీ గల్లీల గూడ. ఎండల గొడుగు పట్టుకొని, సూట్‌కేసు ఈడ్చుకుంట, ఇంటి నంబరు వెతుక్కుంట ఓ పిల్ల కనపడుతది. ఊకె చూసి పోకండ్రి. ఆపి, “వెళ్ళం వేణో?” అని అడగండ్రి. మంచినీళ్ళు కావాల్నా అని. అని చూడండ్రి ఒక్కసారి, ఆ మొఖం ఎట్ల వెలుగుతదో నాకు వచ్చి చెప్పండ్రి. వచ్చేటప్పుడు డబ్బ గూడ పట్టుకరాండ్రి.